ఈ మధ్య మీకు నచ్చిన పుస్తకం, సిరీస్, సినిమా ఏది? కోపం తెప్పించే మనిషికి కూడా న్యాయం చేసిన కథల గురించి చెప్పండి

కొవ్వూరు పాఠకుడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఇటీవల చదివిన, చూసిన వాటిలో నా మనసుకు బాగా పట్టినవాటిని తలుచుకుంటే అన్నిటిలోనూ ఒకే గుణం కనిపిస్తోంది. మనకు కోపం తెప్పించే మనిషిని దుర్మార్గుడని తేల్చేసి చేతులు దులుపుకోకుండా, ఆ మనిషి అలా తయారవడానికి వెనక ఉన్న భయమో అవమానమో పేదరికమో మనకు అర్థమయ్యేదాకా రచయిత ఓపిక పట్టిన కథలే నాకు నచ్చాయి.

ఉదాహరణకు 'బలగం'. 2023 మార్చిలో విడుదలైనప్పుడు చూడలేకపోయాను, ఈ మధ్యే ఇంట్లో అందరం కూర్చుని చూశాం. ఇంటి పెద్ద కొమురయ్య చనిపోతే దినాలకు చేరిన కొడుకులు, కూతురు, అల్లుడు ఏడుపు ఆగకముందే పాత తగాదాలు తవ్వుకుంటారు. ఎప్పుడో భోజనాల దగ్గర తనకు నల్లి బొక్క (మూలుగ ఉన్న మాంసపు ఎముక) వేయలేదన్న కోపంతో అల్లుడు నారాయణ ఏళ్ల తరబడి అత్తవారి గడప తొక్కడు, భార్యను తొక్కనివ్వడు. మనవడు సాయిలు పరిస్థితి మరీ ఇబ్బందికరమైనది. అప్పుల్లో మునిగి ఉన్న అతనికి తాత పోయిన దుఃఖం కంటే, కట్నం తెచ్చిపెట్టే పెళ్లి ఎక్కడ చెడిపోతుందోనన్న బెంగే ఎక్కువ. కథగా చెప్పుకుంటే వీళ్లలో ఎవరి మీదా ఇష్టం కలగదు. అయినా దర్శకుడు వేణు యెల్దండి ఎవరినీ వెక్కిరించలేదు, ఎవరికీ శిక్ష వేయలేదు. సాయిలుగా ప్రియదర్శి చివరి భాగంలో కొద్దికొద్దిగా మెత్తబడుతూ వచ్చిన తీరు చూశాక, మొదట్లో అతని మీద విసుక్కున్నందుకు మా ఇంట్లోవాళ్లే బాధపడ్డారు.

మీకు ఇటీవల నచ్చినది ఏమిటో, అందులో ఏ మనిషి గురించి మీ అభిప్రాయం మారిందో రాయండి. పాత పుస్తకమైనా సరే, మీరు చదివింది ఈ మధ్య అయితే చాలు. నిజానికి పుస్తకాల గురించి ఎవరైనా రాస్తే ఎక్కువ సంతోషిస్తాను, ఎందుకంటే కొత్త సినిమాల మాట ఎలాగూ నాలుగు వైపుల నుంచీ చెవిన పడుతూనే ఉంటుంది.

సముద్రపు హోరు, విశాఖపట్నం:

మీరు పుస్తకం అడిగారు కాబట్టి ముందుకు వచ్చాను. డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు' ఇటీవల మళ్లీ చదివాను. 1957, 58 సంవత్సరాల్లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవలకు మా విశాఖపట్నమే రంగస్థలం. అనకాపల్లిలో పుట్టి వైద్యం చదివిన రచయిత్రి ముప్పై ఏళ్లు దాటిన కొద్దికాలానికే, 1961లో మరణించారు. ఆమె రాసిన ఏకైక నవల ఇదే. మరికొంత కాలం బతికి ఉంటే మన నవల ఏ దారి పట్టి ఉండేదోనని పుస్తకం మూసిన ప్రతిసారీ అనిపిస్తుంది.

మీ ప్రశ్నకు ఇందులో ఇందిర కంటే మంచి జవాబు నాకు తట్టలేదు. ఉద్యోగం చేసి బాధ్యత లేని తండ్రిని పోషిస్తున్న అమ్మాయి ఇందిర. మెత్తని స్వభావం గల కల్యాణి మీద ఆమెకు అసూయ. కల్యాణి వైపు మొగ్గుతున్న వైద్య విద్యార్థి ప్రకాశాన్ని తనవైపు తిప్పుకోవడానికి ఆమె వెనకాడదు. కాలేజీ రోజుల్లో మొదటిసారి చదివినప్పుడు నేను పూర్తిగా కల్యాణి పక్షాన ఉన్నాను. ఈసారి చదువుతుంటే ఇందిర మాట్లాడే ప్రతి మాట వెనకా ఆమె మోస్తున్న ఇంటి బరువు వినిపించింది. తనను ఆదుకోవడానికి ఎవరూ రారని చిన్న వయసులోనే తెలుసుకున్న మనిషి ఎదుటివారి సౌఖ్యం గురించి ఆలోచించే తీరిక ఎక్కడి నుంచి తెచ్చుకోగలదు? ఆమె చేసింది తప్పే. రచయిత్రి దాన్ని ఎక్కడా కప్పిపుచ్చలేదు. కాని ఆ రోజుల నవలల్లో ఇలాంటి ఆడమనిషికి తప్పనిసరిగా పడే శిక్షను మాత్రం ఆమె మీద వేయలేదు. ఇందిర పశ్చాత్తాపంతో కుమిలిపోదు, నూతిలో దూకదు. తన బలహీనతలూ ఎదుటివాడి బలహీనతలూ తెలిసే కృష్ణమూర్తిని పెళ్లాడి ముందుకు సాగిపోతుంది. 1957లో ఒక స్త్రీ పాత్రను అలా వదిలిపెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

నాకు ఈసారి నిజంగా కోపం తెప్పించినవాడు ప్రకాశం. అతను చెడ్డవాడు కాడు, మర్యాదస్థుడు, చదువుకున్నవాడు. అయితే తనకు చదువు చెప్పిస్తున్న మేనమామ ఎదుట నోరు విప్పలేని పిరికితనం వల్ల ఇద్దరు ఆడపిల్లల జీవితాలతో చెలగాటమాడతాడు. బలహీనుడైన మంచివాడు ఎంత నష్టం చేయగలడో ఇంత స్పష్టంగా చూపించిన తెలుగు నవల మరొకటి నాకు గుర్తుకు రావడం లేదు.

ఈ నవల ఆధారంగానే ఆదుర్తి సుబ్బారావు గారు 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' తీశారు. అక్కినేని, సావిత్రి, కృష్ణకుమారి నటించిన ఆ సినిమా హాయిగా సాగిపోతుంది, నాకూ ఇష్టమే. అయితే ఇందిరలోని పదును అక్కడ కనిపించదు. సినిమా ముందు చూసినవారు పుస్తకం కూడా చదవాలని గట్టిగా కోరుతున్నాను.

ఎలగందుల, కరీంనగర్:

కొవ్వూరు పాఠకుడు గారూ, 'బలగం' గురించి మీరు రాసింది సంతోషంగా చదివాను. అయితే నారాయణ విషయంలో ఒక్క సంగతి కలపాలి. బయటి ప్రాంతాలవారు ఆ నల్లి బొక్క గొడవను నవ్వు పుట్టించే అల్పమైన పంతంగా చూస్తున్నారు. మా వైపు ఇంటి అల్లుడికి విందులో జరిగే మర్యాద చిన్న విషయం కాదు. పదిమంది ముందు తన విస్తరిలో ఏమి పడింది, ఎవరి తర్వాత పడింది అన్నది ఆ ఇంట్లో తనకున్న విలువకు గుర్తు. నారాయణ ఆకలితో కోపగించుకోలేదు, బావమరిది అయిలయ్య తనను తేలిగ్గా చూశాడన్న గాయాన్ని ఇన్నేళ్లూ మోశాడు. మురళీధర్ గౌడ్ గారి నటనలో ఆ గాయం కనిపిస్తుంది కాబట్టే, చివరకు ఆయన కరిగినప్పుడు థియేటర్‌లో నా చుట్టూ ఉన్న పెద్ద వయసు మగవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చిన దర్శకుడు కాబట్టి దినాల సంప్రదాయం వేణు గారికి లోపలి నుంచి తెలుసు. మూడో రోజు, అయిదో రోజు, పదకొండో రోజు చనిపోయినవారికి ఇష్టమైన వంటలు వండి పెట్టి, పిట్ట, అంటే కాకి, వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. ముట్టకపోతే పోయిన మనిషికి తీరని కోరిక ఏదో మిగిలిందని నమ్మకం. ఊరివాళ్లంతా చూస్తుండగా కాకి ముట్టకపోవడం ఆ కుటుంబానికి ఎంత తలవంపో మాకు తెలుసు. కథ మొత్తాన్ని దర్శకుడు ఆ ఒక్క నమ్మకం మీద నిలబెట్టాడు. కాకి ఎందుకు ముట్టడం లేదన్న ప్రశ్నకు బంధువులు ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు, అసలు కారణం తామేనని మాత్రం ఎవరికీ తోచదు.

చివర్లో కథాగానం చేసేవారు వేషం వేసుకున్న నటులు కారు. వరంగల్ జిల్లాకు చెందిన బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. ఎన్నో చావు ఇళ్ల ముంగిట పాడిన గొంతులు కాబట్టే అందులో అంత బరువు ఉంది. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్ గారికి జాతీయ పురస్కారం వచ్చినప్పుడు మేమంతా పొంగిపోయాం, కాని నా దృష్టిలో సినిమాకు ప్రాణం పోసింది ఆ దంపతుల పాట. విడుదలైన కొత్తలో మా చుట్టుపక్కల ఊళ్లలో రాత్రిపూట తెరలు కట్టి సినిమా వేశారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే చోట కూర్చుని చూశారు.

నాకు ఒక్కటే అసంతృప్తి. కూతురు లక్ష్మికి ఏడవడానికి ఇచ్చినంత చోటు మాట్లాడటానికి ఇవ్వలేదు. భర్త పంతం వల్ల తండ్రి బతికుండగా చూసుకోలేకపోయిన ఆమె కోపం ఏమైంది? నారాయణకు జరిగిన న్యాయం ఆమెకు సగమే జరిగిందని నా అభిప్రాయం.

కపిలతీర్థం, తిరుపతి:

నాకు ఈ మధ్య బాగా నచ్చిన సినిమా '35 చిన్న కథ కాదు'. 2024 సెప్టెంబరులో వచ్చింది, దర్శకుడు నంద కిశోర్ ఈమని. మా ఊరి వీధులు, గుడి పరిసరాలు, మధ్యతరగతి బ్రాహ్మణ ఇళ్ల వాతావరణం అందులో అలంకారంగా కాకుండా కథలో భాగంగా కనిపిస్తాయి. లెక్కలు ఎక్కని అరుణ్ అనే పిల్లవాడు అడిగే ప్రశ్న ఒకటే. ఏ విలువా లేని సున్నా ఒకటి పక్కన చేరగానే తొమ్మిది కంటే పెద్ద సంఖ్య ఎలా అవుతుంది? తెలివి తక్కువ పిల్లవాడికి ఇలాంటి సందేహం రాదు. అది స్థాన విలువల గురించి అడగదగ్గ అసలైన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా బట్టీ పట్టమన్నప్పుడు అతను అక్కడే ఆగిపోయాడు.

లెక్కల మాస్టారు చాణక్యగా ఇక్కడ కూడా ప్రియదర్శే నటించాడు. పిల్లలను పేర్లతో కాకుండా వాళ్లకు వచ్చిన మార్కులతో పిలిచే మనిషి అతను, అరుణ్‌ను సున్నా అంటాడు. చూస్తున్నంతసేపూ పళ్లు కొరుక్కున్నాను. కాని ఆలోచిస్తే అలాంటి మాస్టార్లు పిల్లల మీద పగతో అలా చేయరు. తాము నమ్మిన కొలత మార్కు ఒక్కటే కాబట్టి, ఆ కొలతకు అందని పిల్లవాడు వాళ్ల కంటికి ఆనడు. పదో తరగతి తప్పిన తల్లి సరస్వతి కొడుకు కోసం మళ్లీ పుస్తకం పట్టుకుని, ముందు తాను నేర్చుకుని తర్వాత వాడికి చెప్పే సన్నివేశాల్లో నివేదా థామస్ అద్భుతంగా నటించింది. తనకు రాదని ఒప్పుకున్న మనిషే బాగా చెప్పగలిగింది, ఎందుకంటే ఎక్కడ అర్థం కాదో ఆమెకు తెలుసు. ఆర్టీసీ కండక్టర్ అయిన తండ్రి ప్రసాద్ కోపంలో కూడా అన్యాయం కంటే, కొడుకు ఏమైపోతాడోనన్న భయమే ఎక్కువ కనిపించింది.

సినిమా చూశాక నామిని సుబ్రమణ్యం నాయుడు గారి 'ఇస్కూలు పిలకాయల కత' వెతికి చదివాను. మా చిత్తూరు జిల్లా మాటలో, పిల్లల వైపు నిలబడి, చదువు పేరుతో జరిగే హింసను ఇంత ప్రేమగా, ఇంత కోపంగా రాసినవారు అరుదు. ఆయన స్వయంగా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. సినిమాలో కొంత తియ్యదనం పాళ్లు ఎక్కువైందని అనిపించేవారికి నామిని గారి పుస్తకం మందులా పనిచేస్తుంది.

ప్రవాసి, డల్లాస్:

ఇక్కడ లెక్కల మాస్టారి ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొక లెక్కల మాస్టారి గురించి రాస్తాను. 2024 జనవరిలో ఈటీవీ విన్ ఓటీటీలో వచ్చిన '90'స్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' సిరీస్‌ను ఇటీవల మా పిల్లలతో కలిసి రెండోసారి చూశాను. దర్శకుడు ఆదిత్య హాసన్. ఆరు భాగాలే కాబట్టి సాగదీసినట్టు ఉండదు. శివాజీ గారు వేసిన చంద్రశేఖర్ పాత్ర ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు, ముగ్గురు పిల్లల తండ్రి. ప్రతి రూపాయికీ లెక్క కడతాడు, పిల్లలను మెచ్చుకోవడం తెలియదు.

ఇక్కడ పుట్టి పెరిగిన మా పిల్లలు మొదటి రెండు భాగాలు చూసి, ఈయన పిల్లలను ఎందుకు ఇలా బాధపెడుతున్నాడని అడిగారు. ఒక్క జీతం మీద అయిదుగురు బతికే ఇంట్లో తండ్రికి ప్రేమ కంటే ముందు జాగ్రత్తే అలవాటవుతుందని నేను నోటితో చెప్పి ఉంటే వాళ్లకు ఎక్కేది కాదు. ఉప్మా కోసం జరిగే గొడవ, కొత్త వస్తువు కొనాలంటే జరిగే చర్చ, తల్లి రాణి ఇద్దరి మధ్యా నిలబడి సర్దిచెప్పే తీరు వాళ్లకు ఆ సంగతి తెలియజెప్పాయి. సిరీస్ ముగిసేసరికి పెద్దవాడు తాతయ్యకు ఫోన్ చేసి, మా నాన్నను చిన్నప్పుడు మీరు కొట్టేవారా అని అడిగాడు. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

అదే శివాజీ గారు మరుసటి ఏడాది 'కోర్ట్' సినిమాలో మంగపతిగా కనిపించారు. అదే గొంతు, అదే క్రమశిక్షణ, అదే కుటుంబ పరువు మాట. ఆ రెండు పాత్రలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంటి పెద్ద కాఠిన్యం ఎక్కడిదాకా ప్రేమ, ఎక్కడి నుంచి అధికారం అన్నది అర్థమవుతుంది.

నల్లకోటు, గుంటూరు:

'కోర్ట్' ప్రస్తావన వచ్చింది కాబట్టి న్యాయవాద వృత్తిలో ఉన్నవాడిగా నాలుగు మాటలు. 2025 మార్చిలో వచ్చిన ఈ సినిమా నాకు చాలా నచ్చింది. అయితే ప్రశ్న అడిగినవారి కొలతతో కొలిస్తే ఇది నెగ్గదని నా అభిప్రాయం. మంగపతికి పరువు పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో దర్శకుడు రామ్ జగదీశ్ మనకు చెప్పడు. డబ్బుతోనూ పలుకుబడితోనూ ఒక పేద కుర్రాడి మీద కేసు అల్లించే మనిషిగానే అతను మొదటి నుంచి చివరిదాకా ఉంటాడు. అయినా సినిమా నిలబడింది. ప్రతి కథలోనూ ప్రతి మనిషినీ అర్థం చేసుకుని తీరాలన్న నియమాన్ని నేను ఒప్పుకోలేను. కొన్ని కథల్లో బాధపడుతున్నవాడి పక్కనే నిలబడాలి, బాధపెట్టేవాడి బాల్యం గురించి ఆరా తీయడానికి అప్పుడు వ్యవధి ఉండదు.

కథాకాలాన్ని 2013గా ఎంచుకోవడం చాలా సబబుగా ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారంతా పిల్లలే, వాళ్ల సమ్మతికి చట్టం దృష్టిలో విలువ లేదు. ఆ చట్టం ఎంతో అవసరమైనది, ఎందరో పసివాళ్లకు అదే అండ. అదే సమయంలో పంతొమ్మిదేళ్ల చందూ, పదిహేడేళ్ల జాబిలి లాంటి జంట మధ్య ఇష్టాన్ని కూడా ఇంటి పెద్దలు అదే చట్టం కిందికి లాక్కురావడానికి వీలుంది. అలాంటి కుటుంబాలను నా వృత్తిలో చూశాను కాబట్టి, చందూ తల్లిదండ్రులు కోర్టు వరండాలో ఏమీ అర్థంకాక నిలబడే దృశ్యాలు నన్ను కలచివేశాయి. సినిమాలో వాదనల పద్ధతి నిజమైన కోర్టు కంటే నాటకీయంగా ఉంది, అది క్షమించదగ్గదే.

అడయారు పెద్దాయన, చెన్నై:

నేను ఇప్పుడు చదువుతున్నది సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు'. నూరు కథలు, ఎక్కువ భాగం మూడు నాలుగు పేజీలకు మించవు, ప్రతి కథకూ బాపు గారి బొమ్మ. పూజారులు, పడవవాళ్లు, బిచ్చగాళ్లు, లోభులు, తిండిపోతులు అందరూ ఉన్నారు, లోభిని కూడా ముచ్చటపడి చూసే కన్ను రచయితది. శ్యామ్ బెనెగల్ గారు దూరదర్శన్ కోసం హిందీలో తీసిన ధారావాహిక నాకు ఇష్టమే, కాని ఆ కృష్ణ ఒడ్డు వాక్యాల నడక తెలుగులోనే వినాలి. రాత్రి పడుకునే ముందు రెండు కథలకు మించి చదవకండి, ఒకదాని రుచి మరొకటి చెరిపేస్తుంది.

కొవ్వూరు పాఠకుడు:

అందరికీ ధన్యవాదాలు. ఎలగందుల గారూ, లక్ష్మి గురించి మీరన్నది వంద శాతం నిజం. మా ఆవిడ కూడా సినిమా అయిపోగానే అదే మాట అన్నది. తండ్రి శవం దగ్గర ఆమె ఏడ్చిన ఏడుపులో తండ్రి మీద బెంగతోపాటు భర్త మీద కోపం కూడా ఉందని రూపలక్ష్మి గారి నటన వల్ల మనం ఊహించుకుంటాం. కాని ఊహకు వదిలేయడం వేరు, ఆమె చేత చెప్పించడం వేరు. సముద్రపు హోరు గారు ఇందిర గురించి రాసింది చదివాక ఆ లోటు నాకు మరింత స్పష్టంగా కనిపిస్తోంది. అరవై ఏళ్లు దాటిన నవలలో ఇందిరకు దొరికిన గొంతు ఈనాటి సినిమాలో లక్ష్మికి దొరకలేదు.

నల్లకోటు గారూ, మీ వాదనను గౌరవిస్తున్నాను, కాని పూర్తిగా ఏకీభవించలేను. మంగపతి బాల్యం చూపించమని నేను కోరడం లేదు. అతను మాట్లాడుతున్నంతసేపూ ఇంట్లోవాళ్లు ఎందుకు తలవంచుకుని కూర్చుంటారో కొంచెం ఎక్కువ చూపించి ఉంటే చాలు. అలాంటివారి బలం వాళ్లలో కంటే ఇంట్లోవాళ్ల మౌనంలోనే ఎక్కువ ఉంటుంది. జాబిలి తల్లి పాత్రలో రోహిణి గారు ఆ మౌనాన్ని చక్కగా పట్టుకున్నారు, ఆ పాత్రకు మరో రెండు సన్నివేశాలు ఉంటే మంగపతి కూడా మనకు మరింత బాగా తెలిసేవాడు. ఈ విషయంలో కోర్టు అనుభవం ఉన్న మీరు ఇంకా వివరంగా రాస్తే చదవాలని ఉంది. 'కాలాతీత వ్యక్తులు' మా గ్రంథాలయంలో ఉందని కనుక్కున్నాను, నామిని గారి పుస్తకం మాత్రం తెప్పించుకోవాలి.